ఎదురుచూపుకు జీతమిచ్చిందెవరు?

అబిద్ అలీ తొలి క్రికెట్ సంవత్సరాలు: సూర్యాపేటలో చేసిన స్మారకోపన్యాసం



ఈ స్మారక నిధి ఎవరి పేరున ఏర్పడిందో ఆ పీఈటీ సారును ఇక్కడున్న సగం మందికి నేను పరిచయం చెయ్యనక్కర్లేదు. మిగతా సగం మందికి ఒక్క ముచ్చట చెబుతాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మన ఈ మూడు ఊళ్ళ జట్ల మధ్య మ్యాచ్‌లు పెట్టినప్పుడల్లా ఎవడో ఒక కుర్రాడు అందరికంటే బాగా ఆడేవాడు. “సార్, వీడు రంజీ ఆడతడు” అని మేం సంబరపడేవాళ్ళం. ఆయన విజిల్‌ను జేబులో వేసుకొని ప్రతిసారీ అదే మాట అనేవారు: “ఆడతడు బిడ్డా, నేను కాదంటలేను. ఆడేదాంక వీనికి బువ్వ ఎవరు పెట్టాలె?” మా దగ్గర జవాబు ఉండేది కాదు. ఇవాళ్టి ఉపన్యాసం ఆ ప్రశ్న గురించే.

ఉత్త ప్రశ్నను పట్టుకొని మాట్లాడితే నీతిబోధ అవుతుంది. అందుకని ఒక ఆటగాడి తొలి సంవత్సరాలను తీసుకున్నాను. ఆయన సయ్యద్ అబిద్ అలీ. 1941 సెప్టెంబరు 9న హైదరాబాద్‌లో పుట్టారు, 2025 మార్చి 12న కాలిఫోర్నియాలో కన్నుమూశారు. ఆయన పేరు చెప్పగానే పాతతరం వాళ్ళకు 1971 ఓవల్ టెస్టు గుర్తొస్తుంది. ఇంగ్లండ్ గడ్డ మీద భారత్ తొలిసారి గెలిచిన ఆ మ్యాచ్‌లో గెలుపు బౌండరీ కొట్టింది ఆయనే. నేను అంత దూరం రాను. 1956 నుంచి 1967 వరకు, అంటే ఒక స్కూలు పిల్లవాడు టెస్టు ఆటగాడు కావడానికి పట్టిన పదకొండేళ్ళ దగ్గరే ఆగుతాను.

రికార్డు పుస్తకం తెరవకముందు

విద్యార్థుల కోసం ముందుగా ఒక వివరం. ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ అంటే కనీసం మూడు రోజులు, రెండేసి ఇన్నింగ్సులు, గుర్తింపు పొందిన జట్ల మధ్య జరిగే ఆట. మన దేశంలో దానికి ప్రధాన వేదిక 1934–35లో మొదలైన రంజీ ట్రోఫీ. హైదరాబాద్ ఆ మొదటి సీజన్ నుంచే ఉంది. ఆంధ్ర జట్టు 1953–54లో చేరింది. 1956లో రెండు ప్రాంతాలూ కలిసి ఆంధ్రప్రదేశ్ అయినా క్రికెట్‌లో మాత్రం రెండు జట్లు రెండుగానే ఉండిపోయాయి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు క్రికెట్‌లో పంచుకోవడానికి ఏమీ లేకపోయింది. ఆ లెక్కన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పిల్లలు ఎప్పుడూ హైదరాబాద్ గొడుగు కిందివాళ్ళే.

రికార్డు పుస్తకంలో ఒక ఆటగాడి జీవితం అతని మొదటి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌తో మొదలవుతుంది. అబిద్ అలీకి అది 1959–60 సీజన్. అంతకుముందు ఎండలో ఎన్ని సాయంత్రాలు గడిపాడో, ఎన్ని మ్యాచ్‌లకు పన్నెండో మనిషిగా నీళ్ళు మోశాడో పుస్తకానికి అక్కర్లేదు. కానీ ఆటగాడు తయారయ్యేదీ, మధ్యలో రాలిపోయేదీ అక్కడే. రాలిపోయినవాడి పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు కనుక వాడు రాలిపోయిన సంగతి కూడా మనకు తెలియదు.

చేతులే పెట్టుబడి

1956లో హైదరాబాద్ స్కూళ్ళ జట్టుకు ఎంపికలు జరిగాయి. అబిద్ అలీకి అప్పటికి పదిహేనేళ్ళు నిండీ నిండని వయసు. సెలెక్టర్ల కంట్లో పడింది అతని బ్యాటింగూ కాదు, బౌలింగూ కాదు, ఫీల్డింగ్. ఆ జట్టు తరఫున కేరళ మీద 82 పరుగులు చేసి, బెస్ట్ ఫీల్డర్ బహుమతి కూడా తెచ్చుకున్నాడు.

ఇక్కడ కాస్త ఆగుదాం. బ్యాట్స్‌మన్‌కు మంచి బ్యాటు కావాలి, ప్యాడ్లు, గ్లవ్స్ కావాలి, బంతులు వేసే నలుగురు బౌలర్లు కావాలి. బౌలర్‌కు మంచి పిచ్, అరిగిపోని బంతి కావాలి. ఫీల్డర్‌కు మాత్రం ఒక బంతి, ఒక గోడ, ఒళ్ళు దాచుకోని పట్టుదల ఉంటే చాలు. చేతిలో డబ్బు లేని పిల్లవాడు సొంతంగా కూడబెట్టుకోగలిగిన క్రికెట్ విద్య అదొక్కటే. తర్వాతి కాలంలో అబిద్ అలీ దేశంలోని చురుకైన ఫీల్డర్లలో ఒకడిగా పేరు తెచ్చుకున్నాడు. వికెట్ల మధ్య పరుగుకూ అంతే పేరు. రెండింటికీ సామాను ఖర్చు లేదు.

మరి మన పిల్లలు? వాళ్ళకూ చేతులున్నాయి. నేల లేదు. మన కాలేజీ గ్రౌండ్లు చాలావరకు మొరం నేలలు. బంతి కోసం ఒకసారి పక్కకు దూకితే మోచేతి మీద అరచెయ్యంత చర్మం లేచిపోతుంది, మర్నాడు చొక్కా అంటుకొని ఊడిరాదు. ఒకసారి అలా దెబ్బతిన్నవాడు రెండోసారి దూకడు. దూకడం మానేసి కాలు అడ్డం పెట్టడం నేర్చుకుంటాడు. పదిహేనేళ్ళకల్లా అదే అలవాటుగా స్థిరపడుతుంది. హైదరాబాద్ సెలెక్షన్లలో పచ్చిక మీద నిలబెట్టినా వాడి ఒళ్ళు మొరం మీదున్నట్టే కదులుతుంది. చూసేవాళ్ళు “ఫీల్డింగ్‌లో బద్ధకస్తుడు” అని రాసుకొని పోతారు.

బ్యాటింగ్‌లోనూ ఇదే తంతు. మన సంక్రాంతి టోర్నమెంట్లలో టెన్నిస్ బంతి సిమెంటు పిచ్ మీద పడి నడుము ఎత్తుకు లేస్తుంది. దాన్ని కాళ్ళ మీదుగా అడ్డంగా లాగి కొట్టినవాడే హీరో. అదే చెయ్యి తోలు బంతి ముందుకు వెళ్ళిందనుకోండి. బంతి సీమ్ మీద పడి కొద్దిగా పక్కకు తిరుగుతుంది, అనుకున్నంత లేవదు. అడ్డంగా తిప్పిన బ్యాటు అంచుకు తగిలి స్లిప్‌లోకి పోతుంది. కుర్రాడిలో లోపం లేదు. అలవాటైన బంతి వేరు, పరీక్ష పెట్టిన బంతి వేరు. ఆ తేడా పోవడానికి రెండు మూడు సీజన్లు పడుతుంది. ఆ రెండు మూడు సీజన్ల గురించే సారు అడిగింది.

బ్యాంకు కౌంటరు వెనక

స్కూలు జట్టు తర్వాత అబిద్ అలీకి బువ్వ పెట్టింది స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్. ఆ బ్యాంకు కథ కూడా మనదే. 1941లో, అబిద్ అలీ పుట్టిన సంవత్సరంలోనే, నిజాం ప్రభుత్వం దాన్ని హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ పేరుతో పెట్టింది. అప్పట్లో ఉస్మానియా సిక్కా నాణేల వ్యవహారమంతా దాని చేతిలో ఉండేది. 1956లో పేరు మారి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది, 1959లో స్టేట్ బ్యాంకుకు అనుబంధ బ్యాంకు అయింది, 2017 ఏప్రిల్ 1న అందులోనే కలిసిపోయింది. మన రైతులు పంట రుణాలకు, మన మిల్లర్లు ఓవర్‌డ్రాఫ్టులకు తిరిగిన బ్యాంకు ఇదే. దాని బోర్డులు మన మూడు ఊళ్ళ బజార్లలోనూ ఉండేవి.

ఆ బ్యాంకు ఒక క్రికెట్ జట్టు పెట్టుకుంది, అబిద్ అలీకి ఉద్యోగమిచ్చింది. ఉద్యోగం అనే మాటను తేలిగ్గా తీసుకోకండి. నెల మొదట్లో జీతం వస్తుంది. ఇంట్లో వాళ్ళు “ఇంకెన్నాళ్ళురా ఈ ఆట” అని అడగరు. లీగ్ మ్యాచ్‌కు సెలవు దొరుకుతుంది. గాయమై నెల రోజులు ఆడకపోయినా పొయ్యి వెలుగుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఆటగాడికి తొందర ఉండదు.

1958–59లో హైదరాబాద్ జూనియర్ జట్టు, మరుసటి ఏడు రంజీ జట్టు. మొదట్లో ఆయన వికెట్‌కీపర్. బౌలర్ కావడం తర్వాతి సంగతి. పద్దెనిమిదేళ్ళ వయసులో తాను ఏ పని చేసే ఆటగాడో ఇంకా తేలని మనిషికి ఒక బ్యాంకు జీతమిచ్చింది. ఇవాళ్టి పద్ధతిలో అయితే వాడి అంకెలు చూసి ఎవరూ తీసుకోరు.

1959లో ఇద్దరు, 1967లో ఒకడు

అదే 1959లో హైదరాబాద్ క్రికెట్‌లో ఏం జరుగుతోందో చూస్తే అబిద్ అలీ ఎదురుచూపు విలువ తెలుస్తుంది. ఆ జూన్‌లో ఎం.ఎల్. జైసింహ లార్డ్స్‌లో తొలి టెస్టు ఆడాడు. ఆయన పదిహేనేళ్ళకే రంజీలో అడుగుపెట్టి, ఆంధ్ర మీద 90 పరుగులు చేసినవాడు. జులైలో అబ్బాస్ అలీ బేగ్, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న ఇరవయ్యేళ్ళ కుర్రాడు, మాంచెస్టర్‌లో తన మొదటి టెస్టులోనే 112 కొట్టాడు. ఒకే ఊరి నుంచి ఇద్దరు, ఒకే వేసవిలో, ఇంగ్లండ్‌లో. ఆ సంబరాల్లో ఉన్న జట్టులోకి అబిద్ అలీ కొత్తగా వచ్చాడు.

తొలి ఏళ్ళలో ఆయనకు బంతి చాలా అరుదుగా ఇచ్చేవారు. బ్యాటింగ్‌లో రంజీ సెంచరీ 1967 దాకా పడలేదు. లెక్కపెట్టి చూడండి. రంజీలో అడుగుపెట్టిన ఎనిమిదో ఏటికి మొదటి సెంచరీ! ఈ మధ్యలో ఆయన చేసిందేమిటంటే ఉద్యోగం చెయ్యడం, లీగ్‌లు ఆడటం, కీపింగ్ గ్లవ్స్ వదిలి మీడియం పేస్ బౌలింగ్ నేర్చుకోవడం, బ్యాటింగ్‌లో ఎక్కడ పంపితే అక్కడికి వెళ్ళడం. ఒక నిలకడైన నౌకరీ లేకపోతే ఈ ఎనిమిదేళ్ళలో ఏ ఏడైనా ఆయన ఆట వదిలేసి ఉండేవాడు, మనం ఆ పేరే వినేవాళ్ళం కాదు.

జైసింహ, బేగ్ ప్రతిభను తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. వాళ్ళు తొందరగా పండిన చెట్లు. క్రికెట్‌లో ఆలస్యంగా పండేవాళ్ళే ఎక్కువ. ఒక వ్యవస్థ మంచిచెడ్డలు తెలిసేది తొందరగా పండినవాళ్ళను చూసి కాదు, ఆలస్యంగా పండేవాళ్ళను ఎంతకాలం నిలబెట్టుకుందో చూసి.

హైదరాబాద్ ఆ పని కొన్ని దశాబ్దాలు చేసింది. క్లబ్బుల లీగ్, బ్యాంకుల జట్లు, రైల్వే జట్టు, పేరున్న ఆటగాళ్ళంతా వచ్చి ఆడే మొయినుద్దౌలా గోల్డ్ కప్, అన్నీ కలిసి ఒక కుర్రాడిని ఏడాది పొడవునా మైదానంలో ఉంచేవి. 1971లో వెస్టిండీస్‌కు వెళ్ళిన భారత జట్టులో హైదరాబాద్ వాళ్ళు ఐదుగురు: జైసింహ, అబిద్ అలీ, జయంతిలాల్, గోవిందరాజ్, కృష్ణమూర్తి. 1986–87లో హైదరాబాద్ రంజీ గెలిచింది. ఆ తరంలో ఎదిగిన వెంకటపతి రాజు పుట్టింది తూర్పు గోదావరి జిల్లా ఆలమూరులో. 1985–86లో, పదహారేళ్ళ వయసులో ఆయన ఫస్ట్‌క్లాస్ ఆడింది హైదరాబాద్ తరఫున. నాలుగేళ్ళ తర్వాత 1990 ఫిబ్రవరిలో క్రైస్ట్‌చర్చ్‌లో తొలి టెస్టు. నైట్‌వాచ్‌మన్‌గా వెళ్ళి, అవతలి ఎండ్‌లో ఆరు వికెట్లు పడుతుంటే రెండు గంటలకు పైగా నిలబడి 31 పరుగులు చేశాడు. అదే ఏడు నవంబరులో చండీగఢ్‌లో శ్రీలంక మీద 12 పరుగులకే 6 వికెట్లు తీశాడు. గోదావరి ఒడ్డున పుట్టినవాడైనా ఆయన క్రికెట్ జాతకం రాసింది హైదరాబాద్. పల్లెలో పుట్టడం ఆటగాడికి అడ్డంకి కాదు. సమయానికి లీగ్‌లోకి చేరలేకపోవడమే అసలు అడ్డంకి.

అడిలైడ్

1967 చివర ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పర్యటనకు జట్టును ప్రకటించినప్పుడు అందులో అబిద్ అలీ పేరు ఉండటం చాలామందిని ఆశ్చర్యపరిచింది. అప్పటికి ఆయనకు 26 ఏళ్ళు. కెప్టెన్ పటౌడీ గాయపడటంతో డిసెంబరు 23న అడిలైడ్‌లో మొదలైన తొలి టెస్టుకు చందు బోర్డే నాయకత్వం వహించాడు. అబిద్ అలీకి జట్టులో చోటు దొరికింది.

బౌలింగ్‌లో 55 పరుగులకు 6 వికెట్లు. బ్యాటింగ్‌లో మొదటి ఇన్నింగ్సులో 33, రెండో ఇన్నింగ్సులోనూ 33. రంజీలో చాలాకాలం బంతే ఇవ్వని మనిషి తన మొదటి టెస్టులో ఆస్ట్రేలియా ఆరుగురిని ఔట్ చేశాడు. మూడో టెస్టులో ఓపెనర్‌గా పంపితే 47 చేశాడు. సిడ్నీలో జరిగిన ఆఖరి టెస్టులో 78, 81 చేశాడు. ఆస్ట్రేలియాలో నాలుగు టెస్టులూ మనం ఓడిపోయాం. అక్కడి నుంచి న్యూజిలాండ్ వెళ్ళిన అదే జట్టు 3–1తో సిరీస్ గెలిచింది. విదేశాల్లో భారత్‌కు అది మొదటి సిరీస్ విజయం.

ఈ అంకెలను నేను ఇంకో రకంగా చదువుతాను. కీపర్‌గా మొదలై, బౌలర్‌గా మారి, లోయర్ ఆర్డర్ నుంచి ఓపెనింగ్ దాకా ఎక్కడైనా ఆడిన మనిషికి అడిలైడ్‌లో కొత్తగా అనిపించిన పని ఏదీ ఉండి ఉండదు. బ్యాంకు జీతం మీద గడిచిన ఆ ఏళ్ళు వృథా పోలేదు. అన్ని పనులూ ఆయన చేతికి అలవాటై ఉన్నాయి. ఆ జీతం ఇచ్చినవాళ్ళకు 1959లో ఇదంతా తెలుసా? తెలిసే అవకాశమే లేదు. తెలియకుండానే ఇచ్చారు. ఈ మాట దగ్గరకు మళ్ళీ వస్తాను.

బ్యాంకుకు ముందు, బ్యాంకు తర్వాత

బ్యాంకుల కంటే ముందు ఎదురుచూపును పోషించింది రాజులు. మచిలీపట్నం మూలాలున్న తెలుగు కుటుంబంలో, 1895లో నాగపూర్‌లో పుట్టిన సి.కె. నాయుడు 1916లో బొంబాయి క్వాడ్రాంగ్యులర్‌లో హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద తొలి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడారు. జట్టు 79 పరుగులకు 7 వికెట్లు పోగొట్టుకున్నప్పుడు తొమ్మిదో స్థానంలో దిగారు. మొదటి మూడు బంతులు అడ్డుకొని, నాలుగోదాన్ని సిక్సర్ కొట్టారు. ఆ సిక్సర్‌కూ, దేశమంతా ఆయన పేరు మార్మోగిన 1926 డిసెంబరు ఇన్నింగ్సుకూ మధ్య పదేళ్ళున్నాయి. ఆ ఇన్నింగ్సులో గిల్లిగన్ నాయకత్వంలోని ఎం.సి.సి. మీద రెండు గంటల లోపే, 11 సిక్సర్లతో 153 చేశారు. మధ్యలో 1923లో ఇండోర్ హోల్కర్ మహారాజు పిలిచి తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చారు. 1932లో భారత తొలి టెస్టు కెప్టెన్ అయిన మనిషికి కూడా ఒక కొలువు కావలసి వచ్చింది.

రాజులు పోయారు. బ్యాంకులు, ప్రభుత్వ సంస్థలు ఆ చోటులోకి వచ్చాయి. ఇప్పుడవి కూడా ఆటగాళ్ళను మునుపటిలా తీసుకోవడం లేదు. ఆ భారం ఇంటి మీద పడింది. గొంగడి త్రిష కోసం ఆమె తండ్రి భద్రాచలంలో చేస్తున్న పని వదిలి కుటుంబాన్ని సికింద్రాబాద్‌కు మార్చారు. ఆ అమ్మాయి 2025 జనవరి 28న అండర్–19 ప్రపంచకప్‌లో స్కాట్లండ్ మీద 59 బంతుల్లో 110 నాటౌట్ చేసింది. అమ్మాయిల అండర్–19 ప్రపంచకప్‌లో అదే మొదటి సెంచరీ. మనందరికీ గర్వకారణం, సందేహం లేదు. కానీ ఊరు వదిలే స్తోమత ఎందరు తండ్రులకుంది? కౌలు రైతు తన పొలాన్ని సికింద్రాబాద్‌కు మార్చుకోలేడు.

ఐపీఎల్ ఉంది కదా అంటారు. మహమ్మద్ సిరాజ్ ఆటో డ్రైవర్ కొడుకు. 2015 నవంబరులో తొలి రంజీ మ్యాచ్ ఆడాడు. 2016–17 సీజన్‌లో 41 వికెట్లు తీశాక ఐపీఎల్ వేలంలో 2.6 కోట్లు పలికాడు. గొప్ప కథే. అయితే ఆ డబ్బు 41 వికెట్ల తర్వాత వచ్చింది. వికెట్లు తియ్యడానికి ముందున్న ఏళ్ళకు ఐపీఎల్ పైసా ఇవ్వదు. అది పండిన పంటను కొనే మార్కెట్ యార్డు. విత్తనానికి, ఎరువుకు అప్పు ఇచ్చే చోటు కాదు.

మన మూడు ఊళ్ళు

ఇప్పుడు ఇంటి సంగతికి వద్దాం. 2016 దాకా మూడు ఊళ్ళూ నల్లగొండ జిల్లాలోనే ఉండేవి. ఆ అక్టోబరులో సూర్యాపేట జిల్లా అయింది, కోదాడ అందులోకి వచ్చింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉంది. పరిపాలనకు అది అవసరమైన మార్పు కావచ్చు. క్రికెట్ ఆడే కుర్రాడికి మాత్రం మూడు ఊళ్ళ నుంచీ గమ్యం ఒకటే, హైదరాబాద్. సూర్యాపేట నుంచి సుమారు 135 కిలోమీటర్లు, మిర్యాలగూడ నుంచి సుమారు 150, కోదాడ నుంచి సుమారు 180. ఉదయం మ్యాచ్ ఉంటే తెల్లారకముందే బస్సెక్కాలి, లేదా ముందురోజే వెళ్ళి ఎవరింట్లోనైనా తలదాచుకోవాలి. కిట్ బ్యాగు బస్సులో పెట్టడానికి కండక్టరుతో బతిమాలుడు అదనం. మ్యాచ్‌లో ఒక్క బంతికే ఔటైతే మళ్ళీ అంతే దూరం.

కోదాడ పరిస్థితి మరీ విచిత్రం. హైదరాబాద్‌కు వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి మీదే సరిహద్దు దాటి విజయవాడ వైపు వెళ్తే, ఇబ్రహీంపట్నం దగ్గర మూలపాడులో ఆంధ్ర క్రికెట్ సంఘం కట్టిన మైదానం ఉంది. కోదాడకు హైదరాబాద్ కంటే అదే చాలా దగ్గర. కానీ మన కుర్రాడికి దారి అటు లేదు. ఆంధ్ర సంఘం ఒంగోలు, విజయనగరం లాంటి జిల్లా కేంద్రాల్లోకి ఆటను తీసుకెళ్ళింది. 2015లో కె.ఎస్. భరత్ గోవా మీద రంజీలో 308 కొట్టింది ఒంగోలులో. ఆ రోజు కంచె బయట నిలబడి చూసిన పిల్లవాడికి ట్రిపుల్ సెంచరీ టీవీలో కనిపించే వింత కాదు, తమ ఊళ్ళో జరిగిన పని. 2024లో అనంతపురంలో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఆడారు. మన మూడు ఊళ్ళలో ఒక్కచోట కూడా పిల్లవాడు రంజీ మ్యాచ్ చూసే అవకాశం లేదు.

కబడ్డీ ఉంది కదా, క్రికెట్ మోజు ఎందుకు అని అడిగే పెద్దలున్నారు. వాళ్ళ మాటలో న్యాయముంది. 2021 మార్చిలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు ఈ సూర్యాపేటలోనే పెట్టుకున్నాం. మొదటిరోజే గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. ఆట మీద ప్రేమకు మన దగ్గర కొదవ లేదు. పండుగ చేసేటప్పుడు ఖర్చుకు వెనకాడం. ఏడాది పొడవునా నిలిచే ఏర్పాటు దగ్గరే చెయ్యి ముడుచుకుంటాం. ఇది కబడ్డీకీ, క్రికెట్‌కూ ఒకటే జబ్బు.

చెయ్యగలిగిన పనులు

మూడు పనులు చెబుతాను. మూడూ మన చేతిలో ఉన్నవే.

మొదటిది, మూడు ఊళ్ళకూ కలిపి ఒక్క మంచి టర్ఫ్ వికెట్. ఒక్కటే చాలు. పిచ్‌కు కావలసింది బంకతనం ఉన్న మట్టి. నీళ్ళు పెట్టి, రోలర్ తిప్పి, ఆరనిస్తే ఆ మట్టి బిగుసుకొని బంతిని నిజాయితీగా లేపుతుంది. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో నల్లమట్టికి కరువు లేదు. కరువు ఉన్నదల్లా రోజూ ఉదయం నీళ్ళు పట్టి, సాయంత్రం రోలర్ లాగి, వానొస్తే పట్టా కప్పే మనిషికి. ఆ మనిషికి ఏడాది పొడవునా జీతం ఇవ్వాలి. పిచ్ వేసి రిబ్బన్ కత్తిరించి వదిలేస్తే రెండో వానాకాలానికి అక్కడ గడ్డి మేసే బర్రెలు ఉంటాయి. పిచ్ చుట్టూ ఉన్న నేలలో మొరం తీసి పచ్చిక పెంచడం కూడా ఇందులో భాగమే. ఫీల్డింగ్ గురించి చెప్పింది గుర్తుంచుకోండి.

రెండోది, ఉద్యోగాలు. మిర్యాలగూడ రైసు మిల్లులు, కోదాడకు దగ్గర మేళ్ళచెరువు వైపున్న సిమెంటు ఫ్యాక్టరీలు, సూర్యాపేట వ్యాపారులు తలా ఒక ఆటగాడికి నిజమైన ఉద్యోగం ఇవ్వగలరు. దానం అడగటం లేదు. లెక్కలు రాసే పని, గోదాము చూసే పని, ఏదైనా సరే. సీజన్‌లో సెలవివ్వాలి, గాయమైతే తీసెయ్యకూడదు. ఒకప్పుడు ఒక బ్యాంకు చేసింది ఇంతే.

మూడోది, ఎంపిక. పరుగుల పట్టిక చూసి కాకుండా, మన సారు చూసినట్టు చూసి ఎన్నుకోవాలి. ఓడిపోతున్న మ్యాచ్‌లో ఆఖరి ఓవర్ దాకా బంతి వెనక పరిగెత్తే పిల్లవాడెవడో, ఔటయ్యాక కూడా గ్రౌండు వదలని అమ్మాయి ఎవరో వీధిలో అందరికీ తెలుసు. వాళ్ళ పేర్లు రాసుకోవాలి. ఒక సీజన్ విఫలమైతే కొట్టెయ్యకుండా కనీసం మూడు సీజన్లు ఉంచాలి.

ఇంత చేశాక ఎంతమంది రంజీ ఆడతారని మీరు అడగవచ్చు. నిజం చెప్పాలంటే ఒక్కరూ ఆడకపోవచ్చు. 1959లో ఆ బ్యాంకును ఎవరైనా ఇదే అడిగి ఉంటే వాళ్ళూ ఇదే చెప్పి ఉండేవారు. సెంచరీ లేని, బౌలింగ్ ఇంకా రాని ఒక వికెట్‌కీపర్ వాళ్ళ జీతాల పట్టీలో ఉన్నాడు, అంతే. వాళ్ళు ఫలితం మీద పందెం కాయలేదు, కుర్రాడికి సమయమిచ్చారు. సమయం దొరికిన వందమందిలో ఒకడు అడిలైడ్ దాకా వెళ్తాడు. మిగతా తొంభై తొమ్మిది మంది నౌకరీ ఉన్న, ఒళ్ళు గట్టిపడిన, నలుగురిలో ఓడిపోవడం నేర్చుకున్న మనుషులవుతారు. ఆ తొంభై తొమ్మిది మందీ నష్టమని నేను అనుకోను.

ఇప్పుడు కమిటీ పెద్దలకు ఒక మనవి. ఈ నిధి మీద ఏటా వచ్చే వడ్డీతో మీరు హాలు అద్దెకు తీసుకుంటున్నారు, నాలాంటి వాడిని పిలిచి శాలువా కప్పుతున్నారు, ఉపన్యాసాన్ని పుస్తకంగా అచ్చు వేస్తున్నారు. నాకు ఎంతో మర్యాద జరిగింది, కృతజ్ఞుణ్ణి. కానీ ఈ ఖర్చుతో ఇద్దరు పిల్లలు ఒక సీజన్ అంతా హైదరాబాద్ వెళ్ళి లీగ్ ఆడి రావచ్చు. బస్సు ఛార్జీలు, ఒక గది, రెండు పూటల భోజనం. వచ్చే ఏడు నుంచి ఒక సంవత్సరం ఉపన్యాసం, మూడు సంవత్సరాలు బస్సు ఛార్జీలు అన్న పద్ధతి పెట్టండి. మళ్ళీ ఉపన్యాసం వచ్చే ఏటికి, వక్తగా ఎవరిని పిలవాలా అని వెతుక్కోకండి. ఆ ఇద్దరిలో ఒకరిని నిలబెట్టి, మూడేళ్ళు ఎలా గడిచాయో చెప్పమనండి. వాళ్ళకు మాట్లాడటం రాకపోయినా ఫరవాలేదు. సారు అడిగిన ప్రశ్నకు మా దగ్గర లేని జవాబు వాళ్ళ దగ్గర ఉంటుంది.